నీళ్ళ రంగు

సావనీరు కమిటీ మిత్రులు "నువ్వు కూడా ఏదైనా రాయవోయ్" అన్నప్పుడు నిజంగానే భయపడ్డాను. కవిత్వం నాకు రాదు. కథ అల్లడం అంతకన్నా రాదు. రికార్డు పుస్తకంలో ఉద్దేశ్యము, పరికరములు, విధానము, ఫలితము అని నాలుగు శీర్షికలు పెట్టి నింపడం తప్ప ఇంకో రకం రాత ఎరగనివాణ్ణి. ఆ మాటే చెబితే, "అయితే అదే రాయి. ఆదివారాలు సముద్రం మీదికి పోతున్నావుగా, ఆ సంగతి రాయి" అన్నారు. సరే, అదే రాస్తున్నాను. ఇందులో మొదట పెట్టుకున్న ఉద్దేశ్యం ఒకటి, చివరకు వచ్చిన ఫలితం ఇంకొకటి. రికార్డులో అయితే మాష్టారు ఎర్రసిరాతో కొట్టేసేవారు. పాఠకులు పెద్దమనసు చేసుకోవాలి.

మాది కోనసీమలో ఒక చిన్న ఊరు. రెండున్నర ఎకరాల వరిచేను, ఒక గేదె, ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు. ఇదీ మా ఆస్తి. సముద్రం మాకు దూరం కాదు. చిన్నప్పుడు తిరునాళ్ళకు వెళ్ళి స్నానాలు చేసినవాళ్ళమే. కాని అక్కడి సముద్రం రంగు వేరు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు కలిసి, టీ నీళ్ళలో పాలు పోసినట్టు ఉంటుంది. సముద్రమంటే అలాగే ఉంటుందని నేననుకునేవాణ్ణి.

దాదాపు మూడేళ్ళ క్రితం నన్ను హాస్టల్లో చేర్పించడానికి మా నాన్నగారు విశాఖపట్నం వచ్చారు. పెట్టె, పరుపు రూములో పడేసి, ఆ సాయంత్రం బీచి రోడ్డుకు వెళ్ళాం. కొత్తగా పరిచయమైన ఇద్దరు రూమ్మేట్లు కూడా వచ్చారు. నాన్నగారు గోడ మీద కూర్చుని చాలాసేపు చూసి, "ఇదేంట్రా అబ్బాయ్, ఇక్కడ సముద్రం ఇంత నీలంగా ఉంది? మన దగ్గర బురదబురదగా ఉంటుందిగా?" అని అడిగారు.

ఇంటర్లో ఫిజిక్సుకు మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. పక్కన కొత్త స్నేహితులున్నారు. ఊరుకుంటానా? "ఆకాశం నీలంగా ఉంది కదా నాన్నా. దాని నీడ నీళ్ళలో పడుతుంది, అంతే" అన్నాను. ఆయన "అలాగా" అన్నారు. మళ్ళీ మాట్లాడలేదు. నా చదువుకు ఆయన మెచ్చుకున్నారని నేను సంతోషించాను.

ఈ వ్యాసమంతా ఆ "అలాగా" గురించేనని మీకు చివర్లో తెలుస్తుంది.

పోయిన జనవరిలో, సంక్రాంతి సెలవుల నుంచి తిరిగి వచ్చాక, మా లెక్చరరుగారు ఒకరు నన్ను పిలిచి, సముద్రపు నీటి రంగు మీద పరిశోధన చేస్తున్న ఒక స్కాలరుకు చేతిసాయం కావాలట, ఆదివారాలు వెళ్తావా అని అడిగారు. జీతం లేదు. బోటు ఎక్కాలి, డబ్బాలు మొయ్యాలి. నేను వెంటనే ఒప్పుకున్నాను. విజ్ఞాన తృష్ణ అని గొప్పగా రాసుకోవచ్చు గాని, నిజం చెబుతాను. ఆదివారం వస్తే ఇంటినుంచి ఫోను వచ్చేది. ఫోనులో ఒకటే మాట. మా చేను రొయ్యల చెరువుకు కౌలుకు ఇమ్మని ఒకాయన అడుగుతున్నాడు, ఇవ్వాలా వద్దా అని. నా యం.యస్సీ. ఖర్చుకు ఆ డబ్బు పనికొస్తుందని నాన్నగారి ఆలోచన. ఆ మాట వినలేక, సముద్రం మీద ఉంటే సిగ్నలు ఉండదు కదా అని ఒప్పుకున్నాను.

ఆ స్కాలరును మేమంతా అక్కా అనే పిలుస్తాం. మొదటిరోజే ఆవిడ నన్ను అడిగింది: "తమ్ముడూ, సముద్రం ఎందుకు నీలంగా ఉంటుంది?" నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆకాశం నీడ అన్నాను. అక్క నవ్వింది. "లార్డ్ రేలీ అంతటివాడు కూడా అలాగే అనుకున్నాడులే, నువ్వు సిగ్గుపడక్కర్లేదు" అంది. తర్వాత రామన్ గారి సంగతి చెప్పింది.

సి.వి. రామన్ గారు తిరుచిరాపల్లిలో పుట్టినా, ఆయన బాల్యమంతా గడిచింది విశాఖపట్నంలోనే. 1892లో వాళ్ళ నాన్నగారు ఇక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరరుగా చేరారు. అంటే మనం రోజూ చూసే ఈ సముద్రాన్ని చూస్తూనే ఆయన బడికి వెళ్ళారన్నమాట. 1921లో ఇంగ్లండు వెళ్ళి ఓడలో తిరిగి వస్తున్నప్పుడు మధ్యధరా సముద్రపు నీలం ఆయనను పట్టేసింది. అది ఆకాశపు నీడేనా? ఆయన చేతిలో ఒక నికల్ పట్టకం ఉంది. నీటి ఉపరితలం నుంచి ఒక కోణంలో పరావర్తనమయ్యే వెలుగును ఆ పట్టకంతో ఆపేయవచ్చు. అలా ఆకాశపు నీడను తీసేసి చూస్తే సముద్రం నల్లబడిపోవాలి. నల్లబడలేదు సరికదా, ఇంకా చక్కని నీలంగా కనబడింది. ఆ రంగు లోపలి నీటినుంచే వస్తోందని, నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని ఆయన ఆ సంవత్సరమే నేచర్ పత్రికకు రాశారు. అక్కడ మొదలైన ఆలోచన 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్టు దాకా, 1930లో నోబెల్ బహుమతి దాకా నడిచింది. ఈ రోజున మనకు తెలిసిన మాట ఏమిటంటే, నీరు ఎరుపును మొదటి కొద్ది మీటర్లలోనే మింగేస్తుంది, నీలాన్ని మాత్రం చాలా లోతుకు పోనిస్తుంది. అలా పోయిన నీలంలో కొంత చెదిరి మళ్ళీ పైకి వస్తుంది. మనం చూసే నీలం అదీ.

ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నగారికి తప్పు చెప్పానన్న బాధకంటే, అంత ధీమాగా చెప్పానే అన్నదే ఎక్కువ బాధించింది. ఫోను చేసి చెప్పొచ్చు. కాని ఫోను చేస్తే కౌలు మాట వస్తుంది. ఊరుకున్నాను.

ఇక పని సంగతి. ఆదివారం తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు చేరేవాళ్ళం. అద్దెకు తీసుకున్న ఫైబరు బోటు. నడిపేది ఒక ముసలి జాలరి, ఆయన్ని అందరం తాతా అనేవాళ్ళం. తీరం నుంచి బయటికి ఒక గీత గీసినట్టు అయిదు చోట్లు. ప్రతి చోటా బోటు ఆపి అదే పని మళ్ళీ మళ్ళీ. మొదటి ఆదివారం రెండో చోటికే నేను కడుపులో ఉన్నదంతా సముద్రానికి అర్పించుకున్నాను. వరిచేలో మోకాలి లోతు బురదలో నిలబడటం వచ్చు గాని, కదిలే నేల మీద నిలబడటం నాకు కొత్త. మూడో ఆదివారానికి అలవాటయింది.

మొట్టమొదటి పని ఒక తెల్లటి పళ్ళెం నీళ్ళలోకి దింపడం. దీన్ని సెక్కీ డిస్కు అంటారు. 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కీ అనే ఖగోళ శాస్త్రవేత్త, ఆయన మతాచార్యుడు కూడా, పోపుగారి ఓడ మీద ఇలాంటి పళ్ళేలను దింపి చూశాడట. మా పళ్ళెం 30 సెంటీమీటర్లది. కింద బరువు, పైన మీటరు గుర్తులున్న తాడు. బోటు నీడ పడే వైపు నుంచి దింపాలి, లేకపోతే ఎండ తళుకు కళ్ళలో కొడుతుంది. పళ్ళెం మెల్లగా ఆకుపచ్చబడి, మసకబడి, మాయమవుతుంది. ఆ లోతు రాసుకోవాలి. మళ్ళీ పైకి లాగుతూ కనబడిన లోతు రాసుకోవాలి. రెంటికీ సగటు తీయాలి. నూటయాభై ఏళ్ళకు పైబడిన ఈ పద్ధతిని ఇప్పటికీ ఎవరూ మానలేదు. బ్యాటరీ అక్కర్లేదు, పాడయ్యే భాగం లేదు.

తాత ఇదంతా చూసి నవ్వేవాడు. "ఏటి బాబూ, ఆ పళ్ళెం దింపి ఏటి సూస్తన్నావు?" అన్నాడొకసారి. నీళ్ళు ఎంత లోతు వరకు కనబడతాయో చూస్తున్నామన్నాను. "అది సెప్పడానికి పళ్ళెం ఎందుకు? నన్నడగరాదా?" అన్నాడు. సరదాకు అడిగాం. ఆయన నీటివంక చూసి బారల లెక్కలో చెప్పాడు. మా తాడు చెప్పినదానికి మీటరు తేడా కూడా లేదు! "నీలం నీరూ పచ్చ నీరూ కలిసే అంచు ఉంటాది సూడు, అక్కడే సేప" అని కూడా చెప్పాడు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉపగ్రహాలు చూసిన నీటి రంగును, ఉష్ణోగ్రతను బట్టి, చేపలు దొరకగల ప్రాంతాలను జాలర్లకు తెలియజేస్తుంది. ఆ సూచనలలో వెతికేది కూడా ఇలాంటి అంచులనేనని అక్క చెప్పింది. తాత తలాడించాడు. తన మాట ఉపగ్రహం ఒప్పుకుందన్న గర్వం ఆయన మొహంలో కనబడలేదు. అది ఉపగ్రహానికే గర్వకారణం అన్నట్టు చూశాడు.

పళ్ళెం తర్వాత వెలుగు కొలిచే పరికరం. పైనుంచి పడే వెలుగు ఎంత, నీటిలోనుంచి పైకి వచ్చేది ఎంత అని ఒక్కొక్క రంగుకూ విడివిడిగా కొలుస్తుంది. దాని మీద బోటు నీడ పడకూడదు. ఆ తర్వాత నీళ్ళు పట్టడం. రెండువైపులా తెరిచి ఉన్న గొట్టం లాంటి సీసాను కావలసిన లోతుకు దింపి, తాడు వెంట ఒక ఇత్తడి బరువును జారవిడుస్తారు. అది పోయి తగలగానే మూతలు టక్కున మూసుకుంటాయి. ఆ బరువును మెసెంజరు అంటారు. నాకు అది మా ఊళ్ళో కబురు చెప్పే మనిషిలా అనిపించేది.

సాయంత్రం లాబరేటరీలో ఆ నీళ్ళను సన్నని గాజునార కాగితంలోంచి వడగడతాం. లీటర్ల కొద్దీ నీళ్ళు పోయాక కాగితం మీద లేత పచ్చని మరక మిగులుతుంది. కంటికి కనబడని మొక్కలు అవి, ఫైటోప్లాంక్టన్. ఆ మరకను 90 శాతం ఎసిటోనులో వేసి, చీకట్లో, చల్లగా రాత్రంతా ఉంచితే పచ్చదనం ద్రవంలోకి దిగుతుంది. మర్నాడు స్పెక్ట్రోఫోటోమీటరులో 664, 647, 630 నానోమీటర్ల దగ్గర చూసి పత్రహరితం ఎంతో లెక్క కడతాం. మా చేలో వరి ఆకులో ఉన్నదీ పత్రహరితమే, ఈ మరకలో ఉన్నదీ అదే. ఈ సంగతి పుస్తకంలో చదివితే ఒక వాక్యం. వేలితో పట్టుకున్న కాగితం మీద చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది.

ఫిబ్రవరి మొదట్లో నాలుగో చోట పళ్ళెం 14 మీటర్ల దాకా కనబడింది. మార్చి మూడోవారానికి అదే చోట 6 మీటర్లకే మాయమైంది. సముద్రం నీలం నుంచి పచ్చకు తిరిగింది. మా చేనులో ఊడ్పు తర్వాత పచ్చ తిరిగినట్టే! కారణం ఏమిటంటే, ఆ నెలల్లో నైరుతి గాలి ఒడ్డు వెంబడి వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు గాలికి కుడివైపుకు, అంటే ఒడ్డునుంచి లోపలికి నెట్టబడుతుంది. ఖాళీ అయిన చోటుకి అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. అందులో నైట్రేటు, ఫాస్ఫేటు ఉంటాయి. అంటే సముద్రానికి ఎరువు అడుగునుంచి వస్తుందన్నమాట. 1950లలో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన లాఫాండ్ గారు, ఇక్కడి ఆచార్యులు, విద్యార్థులు కలిసి ఈ తీరంలో ఇలాంటి సంగతులు కొలవడం మొదలుపెట్టారు. ఆ వరసలో చిట్టచివర డబ్బాలు మోసేవాణ్ణి నేను.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మార్చిలో ఒక సోమవారం, వడగట్టిన కాగితాలను చీకట్లో పెట్టకుండా కిటికీ పక్క బల్లమీద వదిలేసి టిఫినుకు పోయాను. వచ్చేసరికి రెండు గంటల ఎండ వాటిమీద పడింది. వెలుగు సోకితే పత్రహరితం విరిగిపోతుంది. మూడో చోటి నమూనాలన్నీ పోయాయి. ఒక రోజు బోటు కిరాయిలో అయిదో వంతు పోయినట్టు. అక్క మొహం చూడలేకపోయాను. నాకొక ఉపాయం తోచింది. "రెండో చోటి విలువా, నాలుగో చోటి విలువా ఉన్నాయి కదక్కా, సగటు వేసేద్దాం. తేడా ఎవరికీ తెలీదు" అన్నాను.

అక్క కోప్పడలేదు. "అటూ ఇటూ తెలిసినంత మాత్రాన మధ్యది తెలిసినట్టు కాదు తమ్ముడూ. తెలిసేట్టయితే మనం బోటెందుకు ఎక్కడం?" అంది. నోటుబుక్కులో ఆ గడి దగ్గర "నమూనా పాడయింది" అని రాసి, పక్కన నన్ను సంతకం పెట్టమంది. పెట్టాను. ఇన్నేళ్ళ చదువులో నేను పెట్టిన సంతకాలన్నిటిలోకీ అది బరువైనది.

ఆ రోజే అక్క ఈ పరిశోధనలోని అసలు చిక్కు చెప్పింది. ఉపగ్రహం నుంచి సముద్రం రంగు చూడటం 1978లో అమెరికావారి నింబస్-7తో మొదలైంది. మన దేశం 1999లో ఓషన్‌శాట్-1ను, 2009లో ఓషన్‌శాట్-2ను, 2022 నవంబరులో ఓషన్‌శాట్-3ను పంపింది. 700 కిలోమీటర్లకు పైగా ఎత్తునుంచి చూసే ఆ కంటికి చేరే వెలుగులో నూటికి తొంభై వంతుల దాకా గాలిదే. నీటినుంచి వచ్చేది ఆ మిగిలిన కొంచెం. దాన్ని విడదీసినా, నడిసముద్రంలో ఫరవాలేదు. అక్కడ రంగు మారిందంటే చాలామటుకు ఫైటోప్లాంక్టన్ వల్లే. ఒడ్డు దగ్గర అలా కాదు. పత్రహరితం పచ్చ చేస్తుంది. ఏటిమట్టి గోధుమరంగు చేస్తుంది. కుళ్ళిన ఆకు అలముల నుంచి కరిగి వచ్చే పసుపు పదార్థం ఒకటుంది, అది నీలాన్ని మింగేస్తుంది. పత్రహరితం కూడా నీలాన్నే మింగుతుంది. కాబట్టి నీలం తగ్గిందని చూసి పత్రహరితం పెరిగిందని లెక్క వేస్తే, ఒడ్డు దగ్గర తప్పు వస్తుంది. 1977లో మోరెల్, ప్రియర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సముద్రజలాలను ఈ లెక్కనే రెండు రకాలుగా విడదీశారు. "రంగు ఒకటే కావచ్చు, కారణాలు వేరు. అందుకే ఎంత పెద్ద ఉపగ్రహమైనా ఒక సీసాడు నీళ్ళు చేతిలోకి తీసుకున్నవాడి మాట వినాలి" అంది అక్క.

ఈ మాట నాకు ఉగాదికి ఇంటికి వెళ్ళినప్పుడు పనికొచ్చింది.

మా చేనుకు మూడు పక్కల్లో రెండు పక్కలా ఇప్పుడు రొయ్యల చెరువులే. పొద్దున్నే గట్టు మీద నడుస్తూ ఒక దృశ్యం చూసి ఆగిపోయాను. చెరువు కౌలుదారు ఒక కర్రకు బిగించిన నలుపు తెలుపు రేకు నీళ్ళలో ముంచి చూస్తున్నాడు. సెక్కీ డిస్కు! "ముప్ఫై, నలభై సెంటీమీటర్ల మధ్య మాయమైతే కలర్ బాగున్నట్టు" అని ఆయన నాకు పాఠం చెప్పాడు. పోపుగారి ఓడ మీది పళ్ళెం మా ఊరి గట్టు మీదికి వచ్చిందని ఆయనకు చెప్పాలనిపించింది గాని, చెప్పలేదు. మనిషి చెడ్డవాడు కాదు. అప్పు తెచ్చి చెరువు వేసినవాడు. మా చేనుకు వరి మీద మిగిలేదానికి రెండింతలకు పైగా కౌలు ఇస్తానంటున్నాడు.

నాన్నగారు నన్ను దాళ్వా చేలోకి తీసుకెళ్ళారు. చెరువు గట్టును ఆనుకుని ఉన్న అరెకరంలో పైరు పసుపు తిరిగి ఉంది. ఆకు కొసలు ఎండిపోయాయి. ఆ మధ్య వ్యవసాయాధికారి ఒకరు ఇచ్చిన ఆకు రంగుల పట్టీ మా ఇంట్లో ఉంది. లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా గళ్ళుంటాయి. ఆకును దాని పక్కన పెట్టి చూసి, రంగు తగ్గితే యూరియా వేయాలి. సముద్రం రంగుకూ ఇలాంటి పట్టీ ఉంది, ఫోరెల్-ఊలె స్కేలు, 21 రంగులు. నాన్నగారికి పట్టీ అక్కర్లేదు. ఆయన కన్నే పట్టీ. "రెండుసార్లు యూరియా చల్లానురా, ఈ ముక్క పచ్చబడలేదు. నేలలో సారం అయిపోయినట్టుంది. ఇంక ఇచ్చేద్దాం. నీ చదువుకైనా పనికొస్తుంది" అన్నారు.

ఆయన అంతమాట అన్నాక నేను ఏం చెప్పను? కాని ఆ పసుపు చూస్తుంటే అక్క మాట గుర్తొచ్చింది. రంగు ఒకటే, కారణాలు వేరు. నత్రజని తక్కువైనా ఆకు పసుపు అవుతుంది, ఉప్పు తగిలినా అవుతుంది. ఉప్పుకు రంగు లేదు. నాన్నగారి కంటికీ కనబడదు, ఉపగ్రహం కంటికీ నేరుగా కనబడదు.

నాలుగు సీసాలు బాగా కడిగి, పంటకాలువలో ఒకటి, మా చేను ఎగువ బోదెలో ఒకటి, చెరువు పక్క బోదెలో ఒకటి, మురుగు కాలువలో ఒకటి నీళ్ళు పట్టుకుని రైలెక్కాను. అమ్మ అరిసెలు కట్టి ఇచ్చిన సంచిలోనే వాటినీ పెట్టుకున్నాను. మా కెమిస్ట్రీ లాబ్‌లో అనుమతి అడిగి, మనం రెండో సంవత్సరంలో చేసిన క్లోరైడు టైట్రేషన్ చేశాను. పొటాషియం క్రోమేటు వేస్తే నీళ్ళు పసుపు అవుతాయి. బ్యూరెట్టులోంచి సిల్వర్ నైట్రేటు చుక్కచుక్కగా వదిలితే, ఉప్పు అయిపోయిన క్షణాన ఇటుకరంగు వస్తుంది. రంగు లేని ఉప్పుకు రంగు తెప్పించే పద్ధతి అది. పరీక్షకోసం బట్టీ పట్టినప్పుడు ఇది ఎవరికి పనికొస్తుందో అనుకునేవాణ్ణి.

కాలువ నీళ్ళకు 2 మిల్లీలీటర్లలోపే ఇటుకరంగు వచ్చింది. ఎగువ బోదెకు 3. చెరువు పక్క బోదెకు 10 దాటినా పసుపుగానే ఉంది. 15 దాటింది. చెయ్యి వణికింది. 19 దగ్గర రంగు తిరిగింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. మురుగు కాలువ సీసా మూత సరిగా పట్టక దారిలో సగం కారిపోయింది. దాని గడిలో "నమూనా పాడయింది" అని రాసి సంతకం పెట్టాను. ఎవరూ అడగకపోయినా.

ఆ రాత్రి నేనే ఫోను చేశాను. "నాన్నా, నేల సారం పోలేదు. చెరువులోంచి ఉప్పు ఊరుతోంది. యూరియా వేసినా లాభం లేదు" అన్నాను. అంకెలు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. నిజానికి నేను ఆ ఫోను చెయ్యకుండా ఉండొచ్చు. చేను కౌలుకు పోతే నా యం.యస్సీ. ఫీజుకు చింత ఉండదు. ఫోను తీసేముందు ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం రాయను.

చివరకు నాన్నగారు అన్నారు: "అయితే మన చేను చెరువైతే, దాని కింద ఉన్న వాళ్ళ అరెకరం కూడా ఇలాగే అవుతుందన్నమాట." మా కింద చేను మా చిన్నాన్నది. నేను ఊ అన్నాను. "సరే, ఈ ఏడాదికి ఇవ్వను. గట్టు పక్కన కందకం తీసి చూస్తా. నీ ఫీజు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. వచ్చే ఏడాది ఏం జరుగుతుందో చెప్పలేను. ఆ కందకం పనిచేస్తుందో లేదో కూడా చెప్పలేను. మళ్ళీ నీళ్ళు పట్టి చూడాలి.

ఫోను పెట్టబోతూ, చాలాకాలంగా నోట్లో ఆడుతున్న మాట బయటపెట్టాను. "నాన్నా, నన్ను హాస్టల్లో దింపిన రోజు సముద్రం ఎందుకు నీలంగా ఉందని అడిగావు గుర్తుందా? ఆకాశం నీడ అన్నాను. అది తప్పు" అన్నాను.

నాన్నగారు నవ్వారు. "నాకప్పుడే తెలుసురా" అన్నారు.

"ఎలా?"

"మన ఊరి మీద మాత్రం ఆకాశం లేదా? అదీ నీలంగానే ఉంటుందిగా. మరి మన సముద్రం ఎందుకు నీలంగా లేదు?"

నాకు నోట మాట రాలేదు. పట్టకం లేదు, పడవ లేదు, పరికరం లేదు. రెండు సముద్రాలు, ఒక ఆకాశం. అంతే ఆయన లెక్క. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. "కొత్త స్నేహితుల ముందు ఎందుకులే అని" అన్నారు.

ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు వేట నిషేధం. ఆలోగా చివరి ఆదివారం బోటు ఎక్కాం. పళ్ళెం నేనే దింపాను. పచ్చని నీళ్ళలో అది మెల్లగా మసకబారుతుంటే, మాయమైన లోతు గట్టిగా చెప్పాను, అక్క రాసుకుంది. పైకి లాగేటప్పుడు కనబడిన లోతు కూడా చెప్పాను. రెంటికీ అర మీటరు తేడా వచ్చింది. రెండూ రాసుకున్నాం.

పి.జి. ఎంట్రన్సుకు దరఖాస్తు పెట్టాను. సీటు వస్తే సముద్రశాస్త్రమే చదవాలని ఉంది. ఫీజు సంగతి స్కాలర్‌షిప్పు మీదా, ఆ కందకం మీదా ఆధారపడి ఉంది. నన్ను ఆ పనికి పంపిన మా లెక్చరరుగారికి, తప్పును తప్పుగా రాయడం నేర్పిన అక్కకు, నా కడుపులో తిప్పుడు చూసి అల్లంముక్క ఇచ్చిన తాతకు నమస్కారాలు. ఈ సావనీరు ఒక కాపీ ఇంటికి తీసుకెళ్ళి నాన్నగారికి చదివి వినిపిస్తాను. వింటూ ఆయన "అలాగా" అంటే మాత్రం, ఈసారి ఎక్కడ తప్పు రాశానో అడిగి తెలుసుకుంటాను.

— ఫైనలియర్ బి.యస్సీ. విద్యార్థి